ప్రశ్నలు - జవాబులు: స్టాంపు కాగితం మీద విడాకులు, తెల్లకాగితం మీద వీలునామా

ప్రశ్న: పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం రాసుకుని విడిపోతే విడాకులు వచ్చినట్టేనా?

జవాబు: రానట్టే. 1955 హిందూ వివాహ చట్టం వర్తించే పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. కాగితం నోటరీ చేయించినా, ఊరంతా సాక్షి సంతకాలు పెట్టినా అంతే. కులాచారం ప్రకారం విడాకులను చట్టం కాదనదు గానీ, ఆ ఆచారం ఎప్పటి నుంచో ఉందని కోర్టులో గట్టిగా రుజువు కావాలి. పాపికొండల వైపు కొండరెడ్లు, కోయల వంటి షెడ్యూల్డు తెగలకు మాత్రం ఈ చట్టం వర్తించదు, వారికి తెగ ఆచారమే ప్రమాణం.

ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద అది ఏడేళ్ల వరకూ జైలు శిక్ష పడే నేరం. అన్నిటికంటే బాధాకరం రెండో భార్య పరిస్థితి. పదేళ్లు కాపురం చేసినా, భర్త పోయిన మర్నాడు ఆమె వారసురాలు కాదు. ఆమెకు పుట్టిన పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది.

ప్రశ్న: ఇద్దరికీ ఇష్టమైన విడాకులకు ఎంతకాలం పడుతుంది? కేసు ఎక్కడ వేయాలి?

జవాబు: ముందు కనీసం ఏడాది విడిగా ఉండాలి. సెక్షన్ 13బి కింద పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి అదే మాట చెప్పాలి. ఈలోగా ఒకరు మనసు మార్చుకుంటే డిక్రీ రాదు. ఆరు నెలల గడువును తగిన కారణాలుంటే కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పట్టిసీమ వీరభద్రస్వామి గుడిలో పెళ్లి జరిగి, హైదరాబాదులో కాపురం పెట్టి, భార్య రాజమహేంద్రవరంలోని పుట్టింటికి చేరిందనుకుంటే, పెళ్లి జరిగిన చోటు, చివరగా కలిసి ఉన్న చోటు, అవతలి పక్షం ఉంటున్న చోటు, వీటిలో దేని పరిధిలోని కోర్టుకైనా వెళ్లవచ్చు. భార్య పిటిషనరైతే తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. 2003 సవరణ ఇచ్చిన ఈ వెసులుబాటు భర్తకు లేదు.

ఒప్పందంలో బంగారం ఎన్ని కాసులు, సారె సామానులో బీరువా, మంచం ఎవరికి, భరణం ఎంత, ఏ తేదీకి, అన్నీ విడివిడిగా రాయించాలి. 'లెక్కలన్నీ తేలిపోయాయి' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన చోటే ఆడపిల్లలు నష్టపోతున్నారు. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, అత్తింట్లో ఉన్నా ఆమెదే.

ప్రశ్న: విడిపోయిన భార్యకు ప్రాజెక్టు ముంపు గ్రామాల పునరావాస ప్యాకేజీ వస్తుందా?

జవాబు: 2013 భూసేకరణ చట్టం విడాకులు పొందిన స్త్రీని, కుటుంబం వదిలేసిన స్త్రీని, వితంతువును వేరు కుటుంబంగానే లెక్కిస్తుంది. నిర్వాసితుల జాబితా తయారయ్యేటప్పుడే పేరు నమోదు చేయించుకోవాలి.

ప్రశ్న: పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి?

జవాబు: ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ మైనర్ల సంరక్షణపై వచ్చిన 1956 చట్టం చెబుతోంది. ఆపైన తండ్రి హక్కా, తల్లి హక్కా అని కాదు, బిడ్డ మేలు ఎక్కడుందో కోర్టు చూస్తుంది. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్నీ కనుక్కుంటుంది. పిటిషన్ బిడ్డ మామూలుగా ఉంటున్న ఊరి పరిధిలో వేయాలి. బిడ్డను రాత్రికి రాత్రి వేరే ఊరికి తీసుకుపోయినంత మాత్రాన ఆ పరిధి మారదు. బిడ్డ తల్లి దగ్గరున్నా పోషణ ఖర్చు తండ్రి ఇవ్వాల్సిందే. చూడనివ్వలేదని ఆ డబ్బు ఆపడం, డబ్బు రాలేదని బిడ్డను చూపించకపోవడం రెండూ తప్పే. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను నంబరు 15100.

ప్రశ్న: వీలునామాకు స్టాంపు కాగితం, రిజిస్ట్రేషన్, ప్రొబేట్ కావాలా?

జవాబు: మూడూ తప్పనిసరి కాదు. గోదావరి జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే అయినా, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) తెచ్చుకోవాలన్న షరతు 2025లో రద్దయ్యేదాకా మద్రాసు, బొంబాయి నగరాలకూ బెంగాల్‌కూ ఉండేది. ఇక్కడి హిందువుల వీలునామాకు ఆ షరతు అప్పుడూ లేదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్టరు చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి.

తండ్రి తన స్వార్జితాన్నీ, ఉమ్మడి ఆస్తిలో తన వాటానూ మాత్రమే రాయగలడు. కూతురి వాటా ఆయన చేతిలో లేదు. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఆ హక్కు ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ పెళ్లయినవారికీ ఇచ్చింది. బ్యాంకు నామినీ కూడా డబ్బు అందుకునేవాడే తప్ప సొంతదారు కాడు. వీలునామా లేకపోతే బ్యాంకు సొమ్ముకు వారసులు సివిల్ కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ తీసుకోవాల్సి రావచ్చు.

వీలునామాకు ప్రాణం సాక్షులు. రాసిన మనిషి సంతకమో వేలిముద్రో పెట్టడం కనీసం ఇద్దరు చూసి, లేదా అది తనదేనని ఆయన నోట విని, ఆయన ఎదుటే సంతకం చేయాలి. తగువు వస్తే వారిలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. అందుకే ఆస్తి పొందేవారిని కాకుండా, రాసే మనిషి కంటే వయసులో చిన్నవారిని, ఊళ్లో ఉండేవారిని సాక్షులుగా పెట్టుకోవాలి.