పాఠం 14: దేశాంతర దత్తత

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• దేశాంతర దత్తత అంటే ఏమిటో చెప్పగలుగుతారు;
• మన దేశపు బిడ్డను విదేశీ దంపతులు దత్తత తీసుకొనే క్రమాన్ని వివరించగలుగుతారు;
• ఆ క్రమంలోని ప్రతి మెట్టూ ఎందుకు అవసరమో గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం

దత్తత అనగానే మనకు బంధువుల బిడ్డను పెంచుకోవడం గుర్తుకు వస్తుంది. తల్లిదండ్రులు లేని, లేదా వారు వదిలివేసిన బిడ్డను వేరొక దేశంలోని కుటుంబం తమ బిడ్డగా స్వీకరిస్తే దానిని దేశాంతర దత్తత అంటారు.

ఒక ఉదాహరణ ఊహించండి. ఒక శిశుగృహలో ఆరేళ్ల అక్క, నాలుగేళ్ల తమ్ముడు ఉన్నారు. ఇద్దరికీ తెలుగు తప్ప మరో భాష రాదు. ఇటలీలోని దంపతులు బిడ్డలను పెంచుకోవాలని కోరుకొంటున్నారు. ఈ నలుగురూ ఒక కుటుంబం కావాలంటే ఏమేమి జరగాలి?

14.2 నియమాలు ఎలా వచ్చాయి?

పూర్వం విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు ద్వారా బిడ్డకు సంరక్షకులై, తమ దేశానికి తీసుకొనివెళ్లి అక్కడ దత్తత చేసుకొనేవారు. ఈ పద్ధతిలో అక్రమాలు జరుగుతున్నాయని 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దానినే పిటిషనుగా స్వీకరించి, 1984లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. స్వదేశంలో కుటుంబం దొరకని బిడ్డను మాత్రమే విదేశానికి పంపాలన్నది వాటిలో ముఖ్యమైనది. 1990లో కేంద్ర దత్తత సంస్థ (కారా) ఏర్పడింది. 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారతదేశం 2003లో ఆమోదించింది. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టం అమలులో ఉంది.

14.3 దత్తత క్రమం

1. బిడ్డ అర్హత: బిడ్డకు నా అన్నవారు ఎవరైనా ఉన్నారేమో ముందుగా వెతుకుతారు. కన్నవారే అప్పగించినట్లయితే, మనసు మార్చుకోవడానికి వారికి రెండు నెలల గడువు ఉంటుంది. ఆ తరువాతనే బాలల సంక్షేమ సమితి బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది.

2. స్వదేశీయులకు మొదటి అవకాశం: అర్హత ప్రకటించిన 60 రోజులలోగా భారతీయ దంపతులుగాని, ప్రవాస భారతీయులుగాని దొరకకపోతే దేశాంతర దత్తతకు వీలు కలుగుతుంది. వికలాంగులైన పిల్లలకు, తోబుట్టువులకు, ఐదేళ్లు దాటినవారికి ఇందులో ప్రాధాన్యం ఇవ్వవచ్చు. మన ఉదాహరణలోని అక్కాతమ్ముళ్లు తోబుట్టువులు. పైగా అక్కకు ఐదేళ్లు దాటాయి.

3. దంపతుల పరిశీలన: ఇటలీ దంపతులు ముందుగా తమ దేశంలోని గుర్తింపు పొందిన సంస్థను సంప్రదించాలి. ఆ సంస్థ వారి ఆరోగ్యం, ఆదాయం, ఇంటి వాతావరణం పరిశీలించి నివేదిక పంపుతుంది.

4. అనుమతి, ఉత్తర్వు: దంపతులు పిల్లల వివరాలు, వైద్య నివేదికలు చదివి అంగీకరించాలి. రెండు దేశాల అధికారులూ సరేనన్న తరువాత కారా నిరభ్యంతర పత్రం ఇస్తుంది. దత్తత ఉత్తర్వును పూర్వం కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుండి జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. ఉత్తర్వుకు ముందు, వయసునుబట్టి, బిడ్డ ఇష్టాన్ని కూడా పరిగణించాలి.

5. ప్రయాణం: పాస్‌పోర్టు, వీసా వచ్చాక దంపతులు స్వయంగా వచ్చి బిడ్డను తీసుకొనివెళ్లాలి.

6. తదుపరి పరిశీలన: బిడ్డ కొత్త ఇంట ఎలా ఉన్నదీ రెండేళ్లపాటు నివేదికలు రావాలి.

14.4 ఇన్ని మెట్లు ఎందుకు?

"అనాథకు ఇల్లు దొరుకుతుంటే ఇంత ఆలస్యం దేనికి?" అని మీకు అనిపించవచ్చు. ఆలస్యం వల్ల బిడ్డకు నష్టం ఉన్న మాట నిజమే. సంస్థలో గడిచే ప్రతి నెలా అమ్మ ఒడికి దూరమైన నెలే. అయితే మెట్లు దాటవేస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 1999లోను, 2001లోను నాటి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణ ప్రాంతపు లంబాడా తండాలలోని పేద కుటుంబాల నుండి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు సేకరించి దత్తతకు పంపుతున్న వ్యవహారాలు బయటపడ్డాయి. కాగితాల మీద ఆ తల్లుల 'అంగీకారం' ఉంది. పేదరికంలో డబ్బు చూపించి తీసుకొన్న వేలిముద్రను అంగీకారం అనగలమా? అందుకే హేగ్ ఒప్పందం తల్లి సమ్మతి బిడ్డ పుట్టిన తరువాతనే తీసుకోవాలని, అది డబ్బుతో రాబట్టినది కాకూడదని చెబుతుంది. బిడ్డను అమ్మినా, కొన్నా మన చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి.

పాఠంలోని ప్రశ్నలు

ఖాళీలు పూరించండి.
1. కేంద్ర దత్తత సంస్థ ______లో ఏర్పడింది.
2. బిడ్డను అప్పగించిన కన్నవారికి ______ నెలల గడువు ఉంటుంది.

సారాంశం

దేశాంతర దత్తతలో మొదటి ప్రశ్న "ఈ బిడ్డకు ఏది మేలు?" అన్నదే. దంపతుల కోరిక ఎంత మంచిదైనా దాని తరువాతనే. కన్నతల్లి స్వేచ్ఛ, స్వదేశంలో ఇల్లు, బిడ్డ ఇష్టం ఈ మూడింటినీ చూసిన తరువాతనే విదేశం.

ఆలోచించి రాయండి

మన ఉదాహరణలోని అక్క పెద్దదై ఒకనాడు "నేను ఎక్కడ పుట్టాను? నన్ను ఎవరు చూసుకొన్నారు?" అని అడుగుతుంది. ఆమెకు జవాబు దొరకాలంటే శిశుగృహవారు ఇప్పుడు ఏయే విషయాలు రాసి భద్రపరచాలి? ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు: 1. 1990 2. రెండు