బండితో పాటు మనిషి

రహమత్ నగర్,
హైదరాబాద్.

బుజ్జీ,

మీ కాలేజీ జట్టు నల్లమలలో ఒక పెంటకు, అంటే చెంచు గూడేనికి, సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టబోతోందని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన డ్రాయింగు, ఖర్చుల కాగితం రెండూ చూశాను. డ్రాయింగుకు వంక పెట్టలేను. ఛార్జ్ కంట్రోలరు, ఇన్వర్టరు, ఎర్తింగు, ఇంటింటికీ ఎం.సి.బి. అన్నీ ఉన్నాయి. ఖర్చుల్లోనే ఒక పద్దు లేదు. దాన్ని రోజూ నడిపే మనిషికి జీతం ఎక్కడ?

నేను మీలా ఇంజనీరింగ్ చదవలేదు. సినిమా షూటింగులకు జనరేటర్ నడిపి బతికినవాణ్ణి. కృష్ణానగర్, రహమత్ నగర్ సందుల్లో తలుపు తడితే లైట్‌మేనో, సెట్ అసిస్టెంటో, డ్రైవరో బయటికొస్తాడు; ఎవర్నడిగినా చెబుతారు. జనరేటర్ అద్దెకు తీసుకుంటే బండి ఒక్కటే రాదు, ఆపరేటర్ కూడా వస్తాడు. అతని రోజు భత్యం, అంటే బేటా, ప్రొడక్షన్ లెక్కలో ముందే రాసి ఉంటుంది. లైట్‌మేన్ ఇంకో లైటు పెట్టాలంటే ముందు ఆపరేటర్ని అడుగుతాడు. వద్దంటే ఎంత పెద్ద కెమెరామేనైనా ఆగాల్సిందే. డబ్బు తీసుకుంటున్నాడు కనుక అతనికి ఆ బాధ్యత, వద్దనే హక్కు రెండూ ఉన్నాయి.

మీరు సెలవుల్లో ఉచితంగా పనిచేస్తున్నారు. మంచిదే. కానీ మీకు తిరిగొస్తే హాస్టల్ మెస్సుంది. అక్కడ కుర్రాణ్ణి పట్టుకుని "నీ ఊరి కోసమే కదా, చూసుకో" అంటే వాడు కూలి మానుకుని ఎన్నాళ్ళు చూస్తాడమ్మా? తేనెకు, జిగురుకు అడవిలోకి పోయే రోజుల్లో అసలు పెంటలో ఉండడు.

నీ కాగితంలోని అంకెలే తీసుకుందాం. ఇరవై ఇళ్ళు. ఇంటికి మూడు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జింగు కలిపి 40 వాట్లు. ఐదు గంటలకు 200 వాట్ అవర్లు, అంటే పెంట మొత్తానికి రోజుకు 4 యూనిట్లు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు దాదాపు అంతే ఇస్తుంది కాబట్టి సరిపోయిందనుకున్నారు. వైర్లలో, బ్యాటరీలో, ఇన్వర్టరులో పోయేది ఎవరు లెక్కేశారు? శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టినా రెండు కిలోవాట్లుంటే కాస్త ఊపిరాడుతుంది. పైగా ఆ అడవి పులుల అభయారణ్యం, చెట్టు కొమ్మ కొట్టనివ్వరు. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ఏ ఇప్పచెట్టు నీడ ఎక్కడ పడుతుందో నిలబడి చూసుకున్నాకే ఫ్రేములు దించండి.

ఇంకోటి. ఏడాది తిరక్కుండా ఎవరో ఒకరు ఫ్యాను కొంటారు. కొనాలి కూడా, మనం ఫ్యాన్లు లేకుండా పడుకుంటున్నామా? మామూలు ఫ్యాను 75 వాట్లు, ఎనిమిది గంటలు తిరిగితే 600 వాట్ అవర్లు. ఆ ఇంటి దీపాలన్నిటికీ మూడు రెట్లు. బీఎల్‌డీసీ ఫ్యానైతే అందులో సగం కూడా తినదు. ఆ మాట కొన్నాక కాదు, కొనకముందే చెప్పగలిగేవాడు పెంటలో ఉండాలి.

ఇప్పుడు డబ్బు. ట్యూబులర్ బ్యాటరీలను సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా చస్తాయి. అందుకని 150 ఏహెచ్‌వి ఎనిమిదైనా కావాలి. ఒక్కోటి పదిహేను వేలనుకున్నా లక్షా ఇరవై వేలు. ఐదేళ్ళు వస్తే అదృష్టం. అంటే నెలకు రెండు వేలు పక్కన పడాలి. ఇంటికి వంద వసూలు చేసినా సరిగ్గా ఆ రెండు వేలే. మనిషికి మిగిలేది సున్నా. పైగా వాళ్ళకు డబ్బు నెలనెలా రాదు. సరుకు అమ్ముడైనప్పుడు వస్తుంది. వసూలు కూడా అప్పుడే పెట్టుకోండి.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో విను. బీహార్ జహానాబాద్ జిల్లా ధర్నాయ్‌లో 2014లో గ్రీన్‌పీస్ వాళ్ళు 100 కిలోవాట్ల మైక్రోగ్రిడ్ పెడితే దేశమంతా మెచ్చుకుంది. యూనిట్ తొమ్మిది రూపాయలు. కొద్దికాలానికే మూడు రూపాయలకు సర్కారు కరెంటు వచ్చేసింది. ఎక్కువ కరెంటు తినే సామాన్లు కూడా నడిపే కరెంటే ఊరివాళ్ళు కోరింది. మూడేళ్ళకు బ్యాటరీలు పోయాయి, మార్చే నాథుడు లేడు. చివరికి ఆ సోలార్ కేంద్రం భవనంలో పశువుల్ని కట్టేశారు. ఊరివాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మూడు రూపాయల కరెంటు గుమ్మంలోకొస్తే నేనైనా అదే తీసుకుంటాను.

రాజస్థాన్‌లో 1972లో మొదలైన తిలోనియా బేర్‌ఫుట్ కాలేజీ దారి వేరు. బడి మొహం చూడని నడివయసు ఆడవాళ్ళకు సోలార్ మరమ్మతులు నేర్పి పంపుతారు. ఊరు నెలనెలా కొంత కట్టడానికి ముందే ఒప్పుకోవాలి, అందులోంచి ఆమెకు జీతం. ఆడవాళ్ళే ఎందుకంటే, కుర్రాడికి పని నేర్పితే పట్నం బస్సెక్కుతాడు. నిజమేగా, నేనూ అలా వచ్చినవాణ్ణే!

కాబట్టి మీరు పోగుచేసిన చందాలో మొదటి రెండేళ్ళ జీతం తీసి పక్కన పెట్టండి. అందుకోసం ఒక ప్యానెల్ తగ్గినా ఫరవాలేదు. ఫ్లెక్సీ, టీషర్టులు ఎలాగూ దండగే. మనిషిని మీరు ఎంచవద్దు, పెంటవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ముందు ఎవరైనా సోలార్ దీపాలిచ్చారేమో కనుక్కుని, ఆ పాత పెట్టె ఎక్కడ పడుందో చూపించమనండి. ఎందుకు ఆగిందో మీ ప్రొఫెసరు కంటే వాళ్ళే బాగా చెబుతారు. మన్ననూరులో ఐ.టి.డి.ఏ. వాళ్ళను కూడా కలవండి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో లైను వెయ్యలేని ఆదిమ గిరిజనుల ఇళ్ళకు సోలార్ ఇచ్చే ఏర్పాటు పెట్టారు. అదే పెంటకు వాళ్ళూ ఇస్తుంటే మీ సామాను ఇంకో పెంటకు పనికొస్తుంది.

ఎండలో ప్యానెల్ వైరు పట్టుకునేటప్పుడు జాగ్రత్త. మెయిన్ ఆపినా ప్యానెల్ ఆగదు, దుప్పటి కప్పాకే చెయ్యి పెట్టు. నా క్లాంప్ మీటర్ మీ తమ్ముడితో పంపిస్తున్నాను, డీసీ కూడా చూపిస్తుంది. కొత్త ఖర్చుల కాగితం వాట్సాప్‌లో పెట్టు. జీతం పద్దు పైన ఉండాలి, అడుగున కాదు.

ఆశీస్సులతో,
పెదనాన్న