అడవిలో కలప లెక్క: మచ్చు తీయు విధములు

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. కుండయంతయు ఒకే మంటపై ఉడుకును గనుక ఆ పరీక్ష చెల్లును. అడవి అట్టిది కాదు. వాగు దరిని టేకు బలిసి యుండును. కొండతలను రాళ్లలో గిడసబారి యుండును. మేమును తొలుత బండిదారి ప్రక్కనే చెట్లు కొలిచి, అడవియంతయు నట్లే యుండునని తలచి మోసపోతిమి. లెక్క హెచ్చైనచో పెరిగినదానికంటె ఎక్కువ నరికి అడవిని పాడుచేయుదుము. తగ్గినచో అమ్మువాడు నష్టపడును.

కొద్ది ఎకరములైనచో ప్రతి చెట్టును కొలువవచ్చును. పెద్ద అడవికి మచ్చు తీయక తప్పదు. అందుకు ముఖ్యమైన పద్ధతులు మూడు.

మొదటిది పట్టీ. సూటిగా నడచుచు, ఇరుప్రక్కల నిర్ణీత దూరములోని చెట్లను లెక్కింపవలెను. 1856లో బర్మాయందలి పెగూ టేకడవుల అధికారియైన డీట్రిచ్ బ్రాండిస్ ఏనుగుపై తిరుగుచు, చెట్ల లావునుబట్టి కర్రలపై గాట్లు పెట్టి ఇట్టి లెక్కయే తీసెను. పట్టీ వాగు వెంట పోరాదు. వాగునుండి కొండతలకు సాగవలెను.

రెండవది గుండ్రని మడి. 17.84 మీటర్ల త్రాటితో వలయము చుట్టినచో హెక్టారులో పదవ వంతగును. ఏటవాలున త్రాటిని మట్టముగా పట్టవలెను. మడిని కంటి కింపైన చోట పెట్టరాదు. పటమును గళ్లుగా విభజించి చీట్లు వేసి నిర్ణయింపవలెను.

మూడవది ఆస్ట్రియా దేశీయుడగు వాల్టర్ బిట్టర్లిఖ్ 1948లో ప్రకటించినది. మీటరు కర్ర కొనకు 2 సెంటీమీటర్ల వెడల్పు బిళ్ల బిగించి, రెండవ కొనను కంటికి ఆనించి, నిలిచినచోటనే చుట్టు తిరుగవలెను. రొమ్మెత్తున బిళ్లకంటె వెడల్పుగా కనబడిన ప్రతి చెట్టును, హెక్టారునకు ఒక చదరపు మీటరు కాండపు అడ్డుకోత వైశాల్యమునకు గుర్తు. ఎత్తును వేరుగ కొలిచిననే కలప పరిమాణము తేలును. ఇది మిక్కిలి త్వరితము. కాని పొదలు దట్టమైన ఉష్ణదేశపు టడవిలో చెట్టు చాటున చెట్టు దాగి లెక్క తప్పును.

కావున అట్టి అడవిలో వాగుదరి, ఏటవాలు, కొండతల అని నేలను విభజించి, ప్రతి భాగమునందును చీట్ల ప్రకారము మడులు తీయుట మేలని మా అభిప్రాయము. మచ్చులోని పొరపాటు సగమునకు తగ్గవలెనన్న మడులు నాలుగింతలు కావలెనని మరువరాదు.

సరుగుడు తోటను గుత్తకు అమ్ము రైతునకును ఇదియే పాఠము. ఏ మూల కొలువవలెనో కొనువాడు నిర్ణయింపరాదు, మీరును నిర్ణయింపరాదు, చీటి నిర్ణయింపవలెను.