ఉగాదికి ముందే పూసే వీధులు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో పనిచేస్తున్నాను. చుట్టూ షెడ్లు, లారీలు, దుమ్ము. సెలవు ఆదివారం ఒక్కటే, బండి లేదు. బెంగళూరులో ఈ నెలల్లో పూలు బాగుంటాయని అందరూ ఫొటోలు పెడుతున్నారు. నేనెక్కడికి వెళ్ళాలి?
– చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి

జవాబు: బండి లేకపోవడమే మేలమ్మా. హోసూరు రోడ్డు మీద బండి నడిపేవాళ్ళకు ముందున్న లారీ వెనక భాగం తప్ప ఏం కనిపిస్తుంది? మీ ఊరికి 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో వచ్చింది కదా. బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్డు దాకా 19 కిలోమీటర్ల పైచిలుకు, 16 స్టేషన్లు, దారంతా స్తంభాల మీదే. బస్సులో పోతే చెట్టు మొదలు కనబడుతుంది, ఈ రైల్లో కొమ్మల నడినెత్తి కనబడుతుంది. పూసిన చెట్టును పైనుంచి చూసే అదృష్టం ఇదివరకు కాకులకే ఉండేది. కిటికీ పక్కన చోటు దొరికితే ఫోను సంచిలో పడేసి ఊరికే చూడండి.

ఆర్.వి. రోడ్డులో ఆకుపచ్చ లైనుకు మారితే మొదటి స్టేషను జయనగర్, మూడోది లాల్‌బాగ్. ఆదివారం మొదటి రైలు మిగతా రోజులకన్నా ఆలస్యంగా కదులుతుంది, ఆ లెక్క చూసుకుని బయలుదేరండి.

లాల్‌బాగ్ హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. జనం అక్కడికి జనవరిలో, ఆగస్టులో గాజుమేడలో పెట్టే పూల ప్రదర్శనకు పోతారు. నేను పోను. అక్కడ పూలకన్నా ముందువాళ్ళ వీపులు ఎక్కువ. చెట్లు ప్రదర్శన తేదీలు చూసుకుని పూయవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ హడావుడీ లేని ఆదివారం వెళ్ళండి.

ఈ ఊళ్ళో ఒక చెట్టు రాల్చేసరికి ఇంకోటి అందుకోవడం ఉత్తినే జరిగింది కాదు. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన జర్మన్ తోటమాలి క్రుంబీగల్ లాల్‌బాగ్‌ను చూసుకున్నాడు. ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి పూస్తూనే ఉండాలన్న ఆలోచన ఆయనదే అంటారు. 1956లో ఇక్కడే కన్నుమూశాడు. తర్వాత 1980లలో అటవీ అధికారి నేగినహాళ్ ఆధ్వర్యంలో నగరంలో దాదాపు 15 లక్షల మొక్కలు నాటారు. మీరు ఫొటోల్లో చూసే చెట్లు చాలావరకు ఆ తరాలవాళ్ళ చేతి చలవ.

వరస ఇలా ఉంటుంది: ముందు గులాబిరంగు టబెబూయా, దాని వెనకే పసుపుపచ్చది, మార్చిలో ఊదారంగు జకరండా, ఆనక ఎండలు ముదిరాక మన తురాయి. మన తురాయి అంటున్నానుగానీ అదీ మడగాస్కర్ నుంచి వచ్చిందే. మిగతావి అమెరికా ఖండాలవి. బెంగళూరుకు బతకడానికి వచ్చినవాళ్ళలో మనం ఒంటరివాళ్ళం కాము.

ఒక్క మాట వినండి. వారానికో కొత్త చోటు అని తిరగకండి. జయనగర్ వీధుల్లోనో లాల్‌బాగ్‌లోనో ఒక చెట్టును మీదిగా ఎంచుకుని, ఆరు ఆదివారాలు దాని దగ్గరికే పోండి. నిండుగా పూసి ఉండేది వారం పది రోజులే. మొగ్గ మీద ఉన్నప్పుడూ, సగం రాలినప్పుడూ, కొత్తాకు వేసినప్పుడూ చూసినవాళ్ళకే ఆ వారం విలువ తెలుస్తుంది.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన ఆ గులాబిరంగు చెట్లను చెర్రీ బ్లాసమ్ అంటాడు. జపాన్ వెళ్ళొచ్చాడు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నాకు అనుమానం. పందెం కాయవచ్చా?
– ఎలక్ట్రానిక్ సిటీ పాఠకుడు

జవాబు: ధైర్యంగా కాయండి, పెద్ద మొత్తమే పెట్టండి. చెర్రీ గులాబి కుటుంబం. టబెబూయా మన ఆకాశమల్లెకు దాయాది. రెండూ ఆకు రాల్చాక ఒంటినిండా పూయడంతో దూరం నుంచి ఒకేలా కనబడతాయి, అంతే. తగువు తీర్చడానికి చెట్టెక్కక్కర్లేదు, కింద చూస్తే చాలు. చెర్రీ రేకు రేకుగా రాలుతుంది. టబెబూయా పువ్వు పువ్వుగా, సన్నాయి మూతిలాంటి ఆకారం చెదరకుండా రాలుతుంది. ఒకటి తీసి ఆయన టేబులు మీద పెట్టండి.

ప్రశ్న: కంటికి అంత బాగున్న చెట్టు నా ఫోనులో తెల్లబోయి కనిపిస్తుంది, లేదంటే ఆకాశం బాగుండి పూలు నల్లబడతాయి. పసుపు పూలైతే ముద్దగా వస్తాయి. కెమెరా కొనాలా?
– హెబ్బగోడి నుంచి ఒక గృహిణి

జవాబు: కొనకండి. ఆ డబ్బుతో ఏడాది పొడుగునా లాల్‌బాగ్ తిరగవచ్చు.

ఫోనుకు పువ్వు ఏదో ఆకాశం ఏదో తెలియదు, వెలుగును సగటు చేస్తుంది. తెల్లటి ఆకాశం ఎక్కువగా ఉంటే అమ్మో ఇంత వెలుగా అని మొత్తం తగ్గించేస్తుంది, పూలు నల్లబడతాయి. నీడలో ఉన్న కొమ్మలు ఎక్కువైతే వెలుగు పెంచేస్తుంది, రేకులు వెలిసిపోతాయి. కాబట్టి మీకు కావలసిన పువ్వు మీద వేలితో తాకండి. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొద్దిగా కిందికి లాగండి. తెరమీద కాస్త మసకగా అనిపించినా ఫరవాలేదు. మసకను ఇంటికొచ్చి పెంచుకోవచ్చు, పాలిపోయిన రేకులో గీతలు మాత్రం ఏం చేసినా తిరిగి రావు.

పసుపు పూలకు ఎండే శత్రువు. పొద్దెక్కాక తీస్తే రేకుకూ రేకుకూ మధ్య గీత పోయి పసుపు ముద్ద మిగులుతుంది. మబ్బు పట్టిన పూట తీయండి, లేదా పొద్దుపొడిచిన గంటలోపు. జకరండాది ఇంకో తంటా. దాని ఊదాను చాలా ఫోన్లు నీలం చేసేస్తాయి. రంగు సరిచేసే చోట కాస్త ఎరుపువైపు జరపండి, అక్కడ కంటికి కనిపించినంతే, ఎక్కువ వద్దు. ఈ మధ్య చూస్తున్న కొన్ని జకరండాలు నీలిమందులో ముంచి తీసినట్టున్నాయి.

మరీ దగ్గరికి పోకండి. ఫోను ఒక హద్దు దాటి దగ్గరైతే పువ్వు మసకబారి వెనకున్న గోడ స్పష్టంగా వస్తుంది. జానెడు వెనక్కి జరిగి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకోండి. వెనక ఏముందో కూడా చూసుకోవాలి. రెండడుగులు పక్కకు జరిగితే కరెంటు తీగా, వాటర్ ట్యాంకూ తప్పుకుంటాయి. గాలికి కొమ్మ ఊగుతుంటే వరసగా పది తీసి ఒకటి ఉంచుకోండి.

కొమ్మను వంచి, ఊపి, పూలవాన కురిపించి తీసే వీడియోలు నాకు గిట్టవు. అది మర్యాద సంగతే కాదు. పెద్ద చెట్ల మీద పెద్ద తేనెపట్లు ఉంటాయి, వాటిని కదిలిస్తే ఫొటో తీసేవాడూ మిగలడు, తీయించుకునేవాడూ మిగలడు.

ప్రశ్న: మా అత్తగారు ఒంగోలు నుంచి వచ్చారు. పొద్దున్నే వాకింగుకు వెళ్ళి లేఅవుట్ పార్కులో పూలన్నీ పూజకు కోసుకొస్తున్నారు. వాచ్‌మన్ నాతో గొడవపడుతున్నాడు. ఆవిడకు చెప్పలేను.
– పేరు వద్దన్న కోడలు

జవాబు: చెప్పకండి. ఒక నందివర్ధనం కుండీ, ఒక మందారం కుండీ కొని బాల్కనీలో ఎండ తగిలేచోట పెట్టి, “వీటిని మీరే చూసుకోవాలి అత్తయ్యా, నాకు చేతకాదు” అనండి. సొంత మొక్క ఉన్న మనిషి పరాయి మొక్క జోలికి పోదు. ఎవరైనా తన మొక్క మీద చెయ్యేస్తే ఆవిడే వాచ్‌మన్ అవుతారు. పారిజాతానికి చోటుంటే ఇంకా మంచిది. నేల రాలినా పూజకు పనికొచ్చే పువ్వు కదా, కోసే గొడవే లేదు. అయితే అది వానలు పడ్డాక పూస్తుంది, అప్పటిదాకా మీ అత్తగారుంటారో లేదో మీ ఇద్దరికే తెలియాలి.

ప్రశ్న: అనంతపురం వైపు పల్లెటూరివాణ్ణి. బొమ్మసంద్రలో కొడుకు దగ్గరుంటున్నాను. మోకాళ్ళ నొప్పి, దూరం పోలేను. మా వీధిలో ఒక చెట్టు కింద తెల్లవారేసరికి పేలాలు చల్లినట్టు సన్నపూలు. పైకి చూస్తే ఆకు సందుల్లో ఏమీ కనబడదు. మనవడు ఫొటో తీద్దామంటాడు, ఇందులో తీయడానికి ఏముందని వాళ్ళ నాన్న. ఏం చెట్టది?

జవాబు: అయ్యా, మీకు పాత చుట్టమే, ఊరు మారేసరికి గుర్తుపట్టలేదు. మీరు రాసిన తీరునుబట్టి అది కానుగ. ఇక్కడివాళ్ళు హొంగె అంటారు. మీ రోజుల్లో దీని రొట్ట కొట్టి మడిలో తొక్కి ఉంటారు, గింజల నూనె దీపాల్లో పోసి ఉంటారు. చిక్కుడు, కంది కుటుంబమే, అందుకే పువ్వు చిన్న చిక్కుడు పువ్వులా ఉంటుంది. తెలుపులో లేత ఊదా.

టబెబూయా కింద నిలబడడానికి జనం వరసకడతారు, కానుగ కింద బళ్ళు పెడతారు. ఏముందని అడిగిన మీ అబ్బాయి తప్పేం లేదు, నిలబడి చూస్తే నిజంగానే ఏమీ లేదు. ఈ పువ్వును చూడాల్సింది కొమ్మ మీద కాదు, నేల మీద. మీకు కుర్చీ వేయించుకోండి. మనవణ్ణి నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఫోను తలకిందులు చేసి, కెమెరా కన్ను నేలకు తగిలేలా పట్టుకోమనండి. ముందు పూలు పెద్దవిగా, వెనక మీ చెప్పులు, ఆ వెనక వీధి చివరిదాకా తెల్లటి చాప. స్కూటరు సీటు మీద, డ్రైనేజీ మూత మీద పడ్డవి కూడా వదలొద్దు.

ఆరున్నరకే లేపండి వాణ్ణి. ఏడైతే చీపురు వచ్చేస్తుంది.