బావినీటిలోని విషాన్ని వెలుగుతో పసిగట్టుట



నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను మీలో చాలమంది చూచియుందురు. వాననీటిలోని స్వల్పమైన ఆమ్లము సున్నపురాతిని యుగాల తరబడి కరగించగా ఏర్పడిన 3,229 మీటర్ల సొరంగములవి. వాటి అడుగున పాతాళగంగ అనే సన్నని ధార పారి రాతిలోనే మాయమగును. అది బెలుం ఊరిబావికి చేరునని అక్కడివారు చెప్పుకొందురు. ఈ మాటలో మనకొక పాఠమున్నది.

లోతైన మట్టినేలలో నీరు మెల్లగా ఇంకును. లోహములను మట్టి కొంతవరకు పట్టి ఉంచును. సున్నపురాతి పగుళ్లలో అట్టి వడపోత తక్కువ. బిలములో పారవేసినది త్వరలోనే బావికి చేరవచ్చును. పాత బ్యాటరీలలోని సీసము, కాడ్మియము ఇట్టివే. సీసము పిల్లల మెదడును, కాడ్మియము మూత్రపిండములను చెరచును. తాగునీటిలో లీటరుకు సీసము 0.01 మిల్లీగ్రాము, కాడ్మియము 0.003, పాదరసము 0.001 మించరాదని భారత ప్రమాణము. ఇంత స్వల్పమైనది కంటికి, నాలుకకు తెలియదు. కాచినను పోదు. బిందెకు తెల్లని పొర కట్టుట మాత్రము సున్నపు గుణమే గాని ఈ విషమునకు గుర్తు కాదు.

మరి తెలిసికొనుట ఎట్లు? లోహపు అణువులను, కర్బన పదార్థములను గుంజలు, వాసములవలె కూర్చి, తేనెపట్టు వలె సూక్ష్మమైన గదులుండు పదార్థములను శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. ఇందుకు కిటగావా, రాబ్సన్, యాఘి అను మువ్వురికి 2025లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. వీటిలో కొన్ని అతినీలలోహిత కాంతి పడగా మెరయును. నీటిలోని సీసమో, పాదరసమో ఆ గదులలో చేరి అంటుకొనగానే వెలుగు మందగించును, లేదా రంగు మారును. మార్పును కొలిచి లోహమెంత ఉన్నదో అంచనా వేయుదురు.

అయితే ఇనుము, రాగి కూడ కొన్నిటి వెలుగును తగ్గించగలవు. పైగా ఈ పద్ధతి ఇంకను ఎక్కువగా పరిశోధనశాలలలోనే ఉన్నది. కావున వెలుగు తగ్గుట హెచ్చరిక మాత్రమే. తుది నిర్ణయము ప్రయోగశాలది.

మీరు చేయవలసినవి:

1. బిలములలో, పాడుబడిన బావులలో బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు, చెత్త వేయరాదు.

2. అనుమానమున్నచో నీటిని పరీక్షకు పంపవలెను. లోహముల పరీక్ష అని ముందే చెప్పి, ప్రయోగశాల ఇచ్చిన సీసాలోనే పట్టవలెను. అందు వేసిన ఆమ్లమును పారబోయరాదు.

3. బోరును ఐదు నిమిషములు నడిపిన పిమ్మట నీరు పట్టి, సీసాపై ఊరు, బావి, తేదీ వ్రాయవలెను.

4. ఫలితము హెచ్చుగా వచ్చినచో ఆ నీరు త్రాగుట వెంటనే మానవలెను.

నేలలోనికి వదలినది మరల మన బిందెలోనికే వచ్చునని మరువకుడు.