రసాయనాల పోలికను పరీక్షించే వృత్తి: జలజీవ విషశాస్త్రంలో అవకాశాలు

ఐరోపా సమాఖ్యలో 2007లో అమల్లోకి వచ్చిన రీచ్ నిబంధనల ప్రకారం, ఒక సంస్థ ఏటా 100 టన్నులు లేదా అంతకు మించి తయారుచేసే లేదా దిగుమతి చేసుకునే రసాయనం నీటిలోని అకశేరుకాలపై, అంటే వెన్నెముక లేని జీవులపై, దీర్ఘకాలంలో చూపే విషప్రభావాన్ని రిజిస్ట్రేషన్ పత్రాలలో వివరించవలసి ఉంటుంది. ఇందుకు ప్రతిసారీ కొత్త ప్రయోగం చేయనక్కరలేకుండా, నిర్మాణంలోనూ గుణాలలోనూ దగ్గరి పోలిక ఉన్న మరో రసాయనం ఫలితాల ఆధారంగా అంచనా కట్టే పద్ధతిని రీడ్ అక్రాస్ అంటారు. ఇందులో నేర్పు గలవారు రసాయన సంస్థల రెగ్యులేటరీ విభాగాలలోనూ, పరీక్షా ప్రయోగశాలలలోనూ, కన్సల్టెన్సీలలోనూ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు.

పని స్వభావం

ఈ రంగంలో ప్రామాణికమైన ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 211 పరీక్షలో, డాఫ్నియా మాగ్నా అనే చిన్న మంచినీటి జీవి పిల్లలను పుట్టి 24 గంటలు దాటకముందే తీసుకొని, వేర్వేరు గాఢతల ద్రావణాలలో 21 రోజులు పెంచి, ఒక్కొక్క తల్లికి కలిగిన సజీవ సంతానాన్ని లెక్కిస్తారు. 48 గంటల తక్షణ పరీక్షను తట్టుకున్న జీవికి కూడా దీర్ఘకాలంలో సంతానం తగ్గిపోవచ్చు కనుక ఈ లెక్కకు ప్రాధాన్యం ఉంది.

ఇలాంటి ఫలితాలపైనే రీడ్ అక్రాస్ నిలుస్తుంది. ఉదాహరణకు, ఆల్కహాళ్లలో 10 కార్బన్ల డెకనాల్‌కు, 14 కార్బన్ల టెట్రాడెకనాల్‌కు నమ్మదగిన ఫలితాలు ఉన్నప్పుడు, నడుమనున్న 12 కార్బన్ల డోడెకనాల్ విషప్రభావాన్ని అంచనా వేయడానికి వీలుంటుంది. అయితే కార్బన్ గొలుసు పెరిగేకొద్దీ విషప్రభావం పెరిగినా, నీటిలో కరిగే గుణం తగ్గుతుంది గనుక ఒక దశ దాటాక ఆ వరుస నిలవదు. పైగా ఈ ఆల్కహాళ్లను బాక్టీరియా త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది కాబట్టి, పరీక్ష పాత్రలో నిజంగా మిగిలిన గాఢతను కొలిచారో లేదో చూడాలి. పోలిక ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ తెగిపోతుందో ఆధారాలతో రాయడమే ఈ వృత్తిలో అసలు పని. ఆధారాలు చాలని వాదనను హెల్సింకీలోని ఐరోపా రసాయనాల ఏజెన్సీ తోసిపుచ్చి, ప్రయోగం చేయమని కోరవచ్చు.

అర్హతలు, సాధన

కెమిస్ట్రీ, జువాలజీ, పర్యావరణ శాస్త్రం, టాక్సికాలజీలలో ఎమ్మెస్సీ గానీ, ఫార్మసీలో పీజీ గానీ దీనికి తగిన పునాది. జువాలజీ విద్యార్థులు రసాయనం నూనెవంటి ద్రవంలోకి, నీటిలోకి ఏ నిష్పత్తిలో చేరుతుందో చెప్పే ఆక్టనాల్-నీటి గుణకాన్ని, కెమిస్ట్రీ విద్యార్థులు జీవుల పునరుత్పత్తిని, ఇద్దరూ గణాంకశాస్త్రాన్ని అదనంగా నేర్చుకోవాలి. ఓఈసీడీ క్యూసార్ టూల్‌బాక్స్, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ రూపొందించిన ఈకోసార్ అనే అంచనా సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తాయి. ప్రయోగశాలలో చేరదలచినవారికి పరీక్షల నాణ్యతను, నమోదును నియంత్రించే జీఎల్‌పీ నియమాలు తెలిసి ఉండాలి.

ఐరోపాకు రసాయనాలు పంపే తెలుగు రాష్ట్రాల తయారీ సంస్థలు అక్కడ స్వయంగా రిజిస్ట్రేషన్ చేయించుకోలేవు. అక్కడి దిగుమతిదారు గానీ, ఓన్లీ రిప్రజెంటేటివ్ అనే ప్రతినిధి గానీ ఆ పని చేయాలి. వారికి అందించవలసిన సాంకేతిక వివరాలను సిద్ధం చేయడం ఇక్కడి అభ్యర్థులకు తొలి మెట్టు కాగలదు. ఐరోపా ఏజెన్సీ బహిరంగంగా ఉంచిన రిజిస్ట్రేషన్ వివరాలలో ఒక రసాయనాన్ని ఎంచుకొని, దాని రీడ్ అక్రాస్ వాదనలోని బలాన్నీ లోపాన్నీ రెండు పేజీలలో రాసి చూసుకున్న విద్యార్థికి ఇంటర్వ్యూలో చూపడానికి స్వంత పని ఒకటి ఉంటుంది.