డోనా ఫ్రీడ్‌మన్ నుంచి బార్బీ దాకా: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం



మొన్న ఫోన్లో నువ్వు చెప్పినవన్నీ విన్నాను. సీరియల్ అగ్రిమెంటు జూన్‌తో అయిపోతోందనీ, ఈసారి సంతకం పెట్టకుండా సినిమాలకే తిరుగుతాననీ, ఆడిషన్‌కి వెళ్లిన ప్రతిచోటా ‘సీరియల్ ఫేస్’ అంటున్నారనీ అన్నావు. అప్పుడు నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇలాంటివి ఫోన్లో తేలవు. అందుకే తీరిగ్గా కూర్చుని ఒకమ్మాయి సంగతి రాస్తున్నాను. ఆవిణ్ణి నువ్వు బార్బీగా చూశావు. అంతకుముందు ఆవిడా నీలాగే డైలీ సీరియల్లో రోజూ మేకప్ వేసుకున్న మనిషి.

మార్గో రాబీ 1990 జులై 2న ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని డాల్బీ అనే ఊళ్లో పుట్టింది. పెరిగింది గోల్డ్‌కోస్ట్‌లో. అమ్మానాన్నలు విడిపోయారు. ఫిజియోథెరపిస్టుగా పనిచేసే తల్లే నలుగురు పిల్లల్నీ పెంచుకొచ్చింది. సినిమాల్లో చుట్టాలెవరూ లేరు. పదహారేళ్ల వయసులో ఆ పిల్ల ఒకేసారి మూడు పనులు చేసేది: ఒకచోట బార్ కౌంటర్లో, ఇంకోచోట ఇళ్లు శుభ్రం చేస్తూ, మరోచోట సబ్‌వే దుకాణంలో శాండ్‌విచ్‌లు చుడుతూ. పదిహేడేళ్లకి సామాను సర్దుకుని మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. ‘నైబర్స్’ సీరియల్ తీసేది ఆ ఊళ్లోనే మరి.

ఆ సీరియల్ గురించి కాస్త చెప్పాలి. 1985 మార్చిలో మొదలైంది. రామ్సే స్ట్రీట్ అనే వీధిలో ఇరుగుపొరుగు కుటుంబాల కథ. తెరమీద కనిపించే ఆ వీధి నిజానికి మెల్‌బోర్న్ శివార్లలో వర్మాంట్ సౌత్ అనే చోట ఉన్న పిన్ ఓక్ కోర్ట్. ఆ ఇళ్లలో మామూలు జనం కాపురాలు చేస్తుంటే గుమ్మాల ముందు షూటింగ్ చేసుకునేవాళ్లు. కైలీ మినోగ్, గై పియర్స్ అందులోంచే వచ్చారు. సిడ్నీలో తీసే ‘హోమ్ అండ్ అవే’ అని దీనికి పోటీ సీరియల్ ఒకటుంది. నయోమీ వాట్స్, హీత్ లెడ్జర్, క్రిస్ హెమ్స్‌వర్త్ అందులో చేసి వెళ్లినవాళ్లే. ఆ దేశంలో పరిశ్రమ చిన్నది, ఏటా తీసే సినిమాలు తక్కువ. కాబట్టి కొత్త పిల్లలకి రోజూ కెమెరా ముందు నిలబడే అవకాశం సీరియల్ తప్ప ఇంకోటి లేదు. పని నేర్చుకునే చోటు అదేనని అందరికీ తెలుసు. అక్కడ కూడా సీరియల్ వాళ్లంటే కొంచెం చిన్నచూపు ఉందిలే, కాకపోతే మనంత లేదు.

రాబీ ఆ నిర్మాణ సంస్థకి పదేపదే ఫోన్లు చేసి మరీ ఆడిషన్ సంపాదించింది. 2008లో డోనా ఫ్రీడ్‌మన్ అనే పాత్ర ఇచ్చారు. టై హార్పర్ అనే కుర్ర గాయకుడి వెంటపడే అభిమాని పాత్ర. కొన్నాళ్లు కనిపించి వెళ్లిపోవాల్సిన వేషమే. చేసిన తీరు నచ్చి రెగ్యులర్ పాత్ర చేశారు. దాంతో దాదాపు మూడేళ్లు, మూడొందల పైచిలుకు ఎపిసోడ్లు. అరగంట ఎపిసోడ్లు, వారానికి ఐదు. ఆ వేగంలో పేజీలకి పేజీలు కంఠతా పట్టాలి, ఒకటి రెండు టేకుల్లో అయిపోవాలి, ఏడుపు సీనుకి లైటింగ్ సిద్ధమయ్యేసరికి కళ్లలో నీళ్లు సిద్ధంగా ఉండాలి. ఇదంతా నీకు నేను చెప్పాలా!

నేను చెప్పాలనుకుంది ఆ మూడేళ్లూ షూటింగ్ అయ్యాక ఆ పిల్ల ఏం చేసిందన్నది. ఒక టీచర్ని పెట్టుకుని అమెరికన్ యాస నేర్చుకుంది. వచ్చిన డబ్బులు దాచింది. 2011 జనవరిలో సీరియల్ నుంచి బయటికి రాగానే లాస్ ఏంజెలెస్ వెళ్లింది. అప్పట్లో అక్కడి ఛానళ్లు కొత్త సీరియల్స్ కోసం నటుల్ని వెతుక్కునేది ఏడాదిలో ఆ నెలల్లోనే. పోయేటప్పటికి నోట్లో యాస ఉంది, బ్యాంకులో దాచిన డబ్బుంది, ఎప్పుడు వెళ్లాలో లెక్క ఉంది. అలిగి వెళ్లిపోవడానికీ దీనికీ తేడా ఉంది కదా, బుజ్జీ.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని కనక నాకు ముందుగా తట్టేది గొంతు సంగతే. ‘ద వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్’లో ఆవిడది బ్రూక్లిన్ అమ్మాయి గొంతు. ‘ఐ, టోన్యా’లో ఆరెగాన్ రాష్ట్రపు బీద కుటుంబం యాస. ‘మేరీ క్వీన్ ఆఫ్ స్కాట్స్’లో ఇంగ్లండు మహారాణి మొదటి ఎలిజబెత్. ఆ మూడూ కళ్లు మూసుకుని విను, మూడూ ఒకే మనిషివని చెప్పలేవు. ఎక్కడా ఆస్ట్రేలియా జాడ తగలదు.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నువ్వు కాకినాడ పిల్లవి. తెలుగు చక్కగా మాట్లాడతావు. అలాంటిది నీ సీరియల్లో నీకు వేరే అమ్మాయి గొంతు! పక్క రాష్ట్రం నుంచి వచ్చి ప్రాంప్టింగ్ మీద పెదాలు కదిపే హీరోయిన్లకి మేం డబ్బింగ్ చెప్పామంటే అర్థముంది. వాళ్ల డైలాగు ముగిసిన చోట పెదాలు ఆగవు, మన వాక్యాన్ని సాగదీసి, మధ్యలో ఓ ‘అసలూ’, ఓ ‘అంటే’ ఇరికించి లిప్ కలిపేవాళ్లం. నీకా అవసరం ఏమిటి? డేట్లు కుదరవనీ, షూటింగ్ నుంచి వచ్చాక ఓపిక ఉండదనీ సీరియల్ వాళ్లు చెబితే నువ్వూ సరేనన్నావు. ఏడాదిన్నరగా జనం నీ మొహం చూస్తున్నారు తప్ప నీ గొంతు విన్నవాడు లేడు. సినిమా ఆడిషన్లో నువ్వు నోరు తెరవగానే వాళ్లకి కొత్తగా ఉంటుంది, నీకూ మైకు కొత్తగానే ఉంటుంది. ‘సీరియల్ ఫేస్’ అన్న మాటలో సగం ఇదేనని నా అనుమానం.

అమెరికా వెళ్లగానే రాబీకి ‘పాన్ యామ్’ అనే టీవీ సిరీస్‌లో ఎయిర్ హోస్టెస్ వేషం దొరికింది. పెద్ద ఛానల్, పెద్ద ఖర్చు, బోలెడంత ప్రచారం. ఒక్క సీజన్‌తో, పద్నాలుగు ఎపిసోడ్లతో ఎత్తేశారు. ఆ తర్వాతే మార్టిన్ స్కోర్సెసీ సినిమాకి ఆడిషన్. ఎదురుగా లియొనార్డో డికాప్రియో. భార్యాభర్తలు అరుచుకునే సీను. స్క్రిప్టులో లేకపోయినా ఆయన చెంప ఛెళ్లుమనిపించింది. ఒక్క క్షణం గదంతా నిశ్శబ్దం, తన పని అయిపోయిందనుకుంది. తర్వాత వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు, వేషం ఆవిడదైంది. నువ్వు మాత్రం ఈ ప్రయోగం చెయ్యకు తల్లీ. మన హీరోల అభిమాన సంఘాలతో పెట్టుకునే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

2013లో వచ్చిన ఆ సినిమాతో పేరు దేశదేశాలకీ పాకింది. ఆ పేరుకి ఆవిడ ఎంత బెదిరిపోయిందంటే, ఈ పని ఇక వద్దేమోనని తల్లితో అందట. ఇప్పుడు మానేద్దామన్నా ఆలస్యమైపోయిందని తల్లి తేల్చేసింది. ఆ తల్లి దగ్గరే ఒకప్పుడు డబ్బు అవసరమైనప్పుడల్లా తీసుకుని, ఎంత బాకీ ఉందో కాగితం మీద రాసిపెట్టుకునేదట. తల్లి ఆ డబ్బు ఇంటి మీద లోను పెట్టి ఇచ్చేది. చేతిలో సొమ్ము పడ్డాక కూతురు ఆ ఇంటి అప్పు మొత్తం కట్టేసింది. మీ అమ్మ చిట్టీ పాడి నీ పోర్ట్‌ఫోలియో ఫొటోలకి డబ్బిచ్చిన సంగతి నాకు తెలుసు కనక ఈ ముక్క రాస్తున్నాను. తీర్చమని కాదు. రాసిపెట్టుకో, చాలు.

అంత పేరొచ్చాక అందరూ చేసేది అలాంటి వేషాలే వరసగా ఒప్పుకోవడం. కోటీశ్వరుడి అందమైన భార్య వేషాలు కావలసినన్ని వచ్చి ఉండేవి. రాబీ మాత్రం లండన్‌లో స్నేహితులతో కలిసి ఒక అద్దె ఇంట్లో దిగింది. అందులో చిన్ననాటి స్నేహితురాలు సోఫియా కెర్, సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్లుగా పనిచేసే టామ్ ఆకర్లీ, జోసీ మెక్‌నమారా ఉన్నారు. ఆ నలుగురూ 2014లో లక్కీచాప్ అని నిర్మాణ సంస్థ పెట్టారు. మొదట్లో వాళ్ల ఆఫీసు ఆ ఇంటి వంటగది బల్లే. టామ్‌ని 2016 డిసెంబరులో పెళ్లి చేసుకుంది.

లక్కీచాప్ తొలి సినిమాల్లో ఒకటి ‘ఐ, టోన్యా’. టోన్యా హార్డింగ్ అనే అమెరికన్ ఐస్ స్కేటర్ కథ. విచిత్రం ఏమిటంటే, స్క్రిప్టు చదివినప్పుడు ఇది నిజంగా జరిగిన కథని రాబీకి తెలియదు, కల్పన అనుకుంది. తెలిశాక హార్డింగ్ పాత ఇంటర్వ్యూలు చెవుల్లో పెట్టుకుని తిరిగింది. నెలల తరబడి స్కేటింగ్ నేర్చుకుంది. హార్డింగ్ ప్రత్యేకత ట్రిపుల్ ఆక్సెల్: ముందుకి చూస్తూ గాల్లోకి లేచి, మూడున్నర చుట్లు తిరిగి, వెనక్కి దిగే దూకుడు. 1991లో పోటీలో దాన్ని చేసిన మొదటి అమెరికన్ మహిళ ఆవిడే. సినిమా కోసం దాన్ని చేసి చూపించే డూప్ దొరకలేదు, చివరికి గ్రాఫిక్స్‌తో కానిచ్చారు. మొత్తం ఖర్చు కోటీ పది లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కల్లో చాలా తక్కువ. రాబీకి ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది, తల్లి వేషం వేసిన ఆలిసన్ జానీకి ఆస్కారే వచ్చింది.

ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా ముచ్చటేసింది. ఎమరాల్డ్ ఫెన్నెల్ అనే ఆవిడ అప్పటిదాకా పెద్ద సినిమా తీసింది లేదు. ఆమె రాసుకున్న ‘ప్రామిసింగ్ యంగ్ వుమన్’ని లక్కీచాప్ నిర్మించింది. హీరోయిన్ వేషం రాబీ తీసుకోలేదు, కేరీ మలిగన్‌కి వదిలింది. 2021లో ఫెన్నెల్‌కి స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది. సొంత సంస్థ అనగానే అన్ని వేషాలూ తనకే పెట్టుకునే నిర్మాతల్ని నేను చాలామందిని చూశాను. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోయాను.

యూసఫ్‌గూడలో నీ రూమ్మేట్లు ఎవరో గుర్తు చేసుకో. ఒకమ్మాయి ఎడిటింగ్ చేస్తుంది, ఇంకో అమ్మాయి కథలు రాసుకుంటూ కో-డైరెక్టర్ల వెంట తిరుగుతోంది. మీ ముగ్గురూ కలిసి తాగే టీలకి లెక్క లేదు, కలిసి తీసిన షార్ట్ ఫిల్మ్ మాత్రం ఒక్కటీ లేదు. ఆ రాసే అమ్మాయి కథలో నీకు సరిపడని వేషం ఉంటే ఇంకొకరితో వేయించు, నువ్వు డబ్బింగ్ చెప్పు, డబ్బు లెక్కలు చూడు. అదీ పనే.

రాబీ దెబ్బలు తినలేదనుకోకు. 2022లో ‘ఆమ్‌స్టర్‌డామ్’ సినిమా పోయింది. ఆ డిసెంబరులో వచ్చిన ‘బాబిలాన్’కి దాదాపు 8 కోట్ల డాలర్లు ఖర్చుపెడితే ప్రపంచమంతా కలిపి ఆరు కోట్ల పైచిలుకే వచ్చాయి. ఆవిడ పేరుకి మార్కెట్ లేదని రాసినవాళ్లు రాశారు. అయితే అప్పటికే ‘బార్బీ’ షూటింగ్ ముగించి కూర్చుంది. ఆ బొమ్మ మీద సినిమా వేరే చోట ఏళ్లపాటు నలిగి ఆగిపోతే, బొమ్మల కంపెనీ మాటెల్‌తో మాట్లాడి ఆ ప్రాజెక్టుని తన సంస్థకి తెచ్చుకున్నది రాబీయే, దర్శకురాలిగా గ్రెటా గెర్విగ్‌ని తెచ్చిందీ ఆవిడే. 2023 జులై 21న, ‘ఓపెన్‌హైమర్’ వచ్చిన రోజే, విడుదలైంది. 140 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసి ఆ ఏడాది మొదటి స్థానంలో నిలిచింది. ఆస్కార్లలో ఆవిడ నటనకి నామినేషన్ రాలేదు; ఉత్తమ చిత్రం వరసలో నిర్మాతగా మాత్రం పేరుంది.

ఆవిడకి కలిసొచ్చినవి నీకు రావనేదీ చెప్పాలి. ఇంగ్లిషు మాతృభాష. ఆస్ట్రేలియా నటులు హాలీవుడ్ వెళ్లే దారి అప్పటికే తొక్కి తొక్కి చదునై ఉంది. హాలీవుడ్ కోరుకునే రూపం కూడా. కష్టపడితే అందరూ రాబీలవుతారని చెప్పే రకాన్ని కాను నేను. షూటింగ్ లేని గంటలు మాత్రం నీ చేతిలోవి.

అందుకని నా మాట ఇది. సంతకం పెట్టు, కానీ ఏడాదికి కాదు, ఆరు నెలలకి. నీ డబ్బింగ్ నువ్వే చెప్పుకుంటావని అందులో రాయించు. ఎపిసోడ్‌కి అదనంగా అడగకపోయినా ఫర్వాలేదు. ముందే చెబితే సినిమా డేట్లకి వదలాలని ఇంకో లైను. మైకు ముందు మొదటి వారం నీకు చిరాకేస్తుంది, శ్వాస ఎక్కడ తీసుకోవాలో తెలియక గొంతు పట్టేస్తుంది. రికార్డు చేసి నాకు పంపు, చెప్తాను. పర్ డే డబ్బు మూడు నెలలకి గానీ చేతికి రావట్లేదన్నావు. కనక డిసెంబరులో బయటికొచ్చేనాటికి ఆరు నెలల అద్దె వేరే ఖాతాలో ఉండేలా ఇప్పట్నుంచే చూసుకో.

‘సీరియల్ ఫేస్’ అన్నవాళ్లకి జవాబు చెప్పక్కర్లేదు, సీరియల్ చేశానని సిగ్గుపడక్కర్లేదు కూడా. 2022 జులైలో ‘నైబర్స్’ ఆపేస్తున్నామని చివరి ఎపిసోడ్ వేస్తే, అప్పటికి అంత పెద్ద తార అయిన రాబీ డోనాగా మళ్లీ కాసేపు కనిపించి వెళ్లింది. ఆ తర్వాతి ఏడాది సీరియల్ మళ్లీ మొదలైందనుకో, అది వేరే సంగతి.

అగ్రిమెంటు కాగితం వాళ్లు ఇవ్వగానే సంతకం చెయ్యకుండా ఫొటోలు తీసి మీ పెదనాన్న వాట్సాప్‌కి పంపు. ఆయన కోర్టు భాష చదువుతారు, నేను మిగతాది చదువుతాను. రెండో పేజీలో ‘ఎక్స్‌క్లూజివ్’ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఉంటాను,
పెద్దమ్మ